ఉప్పల్ పొలిమేరలో ఒక మాట

సాయంకాలము ఆరు గంటల వేళ ఉప్పల్ చౌరస్తాలో వరంగల్లు త్రోవవైపు నిలిచినవానికి, మెట్రో కంబముల నీడలోనుండి, బస్సుల పొగలోనుండి, తోపుడుబండ్లపై పేర్చిన జామపండ్ల మీదుగా, కండక్టరు పెట్టు కేక యొకటి తప్పక వినవచ్చును: “గుట్ట! గుట్ట! గుట్ట!” యాదగిరిగుట్ట యని పూర్తిగా పలుకుటకు అతనికి తీరిక లేదు, పలుకవలసిన పనియు లేదు. కొబ్బరికాయల సంచి చంకనిడుకొని పరుగెత్తు ముసలమ్మకు అది పంచనారసింహ క్షేత్రమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కూడలికి అనతిదూరమున భారత సర్వేక్షణ శాఖవారి శిక్షణాలయ మున్నది. అచ్చట దేశము నలుమూలలనుండి వచ్చిన యువకులు నేలను కొలుచు విద్య నేర్చుకొందురు. ఆ విద్యకు మన ప్రాచీనులు పెట్టిన పేరు క్షేత్రగణితము. పడమరగా హబ్సిగూడకు పోవు త్రోవలో 1961లో వెలసిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు భూమియొక్క అయస్కాంత క్షేత్రమును, గురుత్వ క్షేత్రమును పరిశోధింతురు. ఉత్తరముగా నాచారమునకు తిరిగినచో, సందుసందునను గల బడులలో పిల్లలు క్షేత్రమితి యను అధ్యాయమునందలి లెక్కలతో కుస్తీపట్టుచుందురు. క్రికెట్టు ఆడు మైదానమును మాత్రము ఎవరును క్షేత్రమనరు. ఇంగ్లీషువాడు ఫీల్డ్ అను ఒక్క మాటతో పిలుచు ఆ రెంటిని మన మెందుకో వేఱుచేసితిమి. ఇన్ని క్షేత్రములున్న ఈ మూడు నాలుగు మైళ్ళ నేలలో చేనన్నది వెదకి చూచినను కానరాదు.

చేనులేని ఊరు కాదిది. ఊరి పేరులోనే రెవెన్యూ లెక్క ఇమిడియున్నది. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖల్సా, ఉప్పల్ భాగాయత్ అని మూడు విధముల పేర్లు కాగితములలో కనబడును. కలాన్ అనగా పారసీకమున పెద్దది. ఖల్సా అనగా జాగీరుదారునకు గాని, నిజాము సొంత ఖర్చులకు విడిచిన సర్ఫెఖాసునకు గాని చెందక, శిస్తు నేరుగా సర్కారు బొక్కసమునకు పోవు భూమి. బాగాయతు అనగా తోటభూమి, నేటి ఫలకములపై అది వత్తు తగిలించుకొని భాగాయత్ అయినది. నైజాము పహాణీలలో నేల ప్రధానముగా మూడు తెఱగులు. వానకు పండునది ఖుష్కి, చెఱువునీటను కాలువనీటను పండునది తరి, బావిక్రింద కూరలును పండ్లును పండునది బాగాయతు. మూసీ కుత్తరపుటొడ్డున నున్న ఈ గ్రామమునకు మూడును కలవు. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘమై, 2007లో మహానగర పాలక సంస్థలో కలిసిపోయినపిదప ఆ భేదములకు పన్నులలో అర్థము లేకపోయినను, దస్తావేజులలో నేటికిని చావలేదు.

రైతు తన నేలను క్షేత్రమని ఎన్నడును పిలువలేదు. చేను, చెలక, మడి, పొలము, దొడ్డి అని అతనికి కావలసినన్ని మాటలున్నవి. క్షేత్రము సంస్కృతము నుండి వచ్చినది. క్షి ధాతువునకు నివసించుట యర్థము. మనుష్యుడు కుదురుకొని నివసించి దున్నుకొనిన నేల క్షేత్రము. ఋగ్వేదము నాలుగవ మండలమున క్షేత్రపతికి ఒక సూక్తమే కలదు; అందు నాగలి, చాలు, ఎద్దులు, ములుగోల యన్నియు దైవసన్నిధికి వచ్చి నిలుచును. అమరమును వల్లెవేసిన పూర్వపు బాలునకు ఈ పదము రెండు చోట్ల ఎదురుపడును: వైశ్యవర్గమున వప్రము, కేదారము అను మాటల సరసన పంటపొలముగాను, నానార్థవర్గమున భార్య, శరీరము అను అర్థములతోను. భార్యను క్షేత్రమనుట, అన్యునివలన ఆమెకు కలిగిన కొడుకును క్షేత్రజుడనుట ధర్మశాస్త్రకారుల మాట. ఎవని పొలమో వానిదే పంట యను కౌలు లెక్కను వారు ఇల్లాలికిని వర్తింపజేసిరి. ఈ యర్థము నేడు నిఘంటువునందు మూలుగుచున్నది, మూలుగనిండు. శరీరమను అర్థ మట్లు కాదు. దానితో మనకు ముందు పని కలదు.

దేవుడుండు చోటు క్షేత్రమనిపించుకొనుటకు, లెక్కపెట్టు నేల క్షేత్రమనిపించుకొనుటకు నడుమ, ఏది ముందు ఏది వెనుక యని తర్కించువారిని నేనెఱుగుదును. గుడినుండి గణితమునకు వచ్చినదని కొందఱు గర్వింతురు. నా మనస్సునకు తోచునదేమనగా, రెండును రైతు గట్టు మీదనుండి ఎరువు తెచ్చుకొన్నవే. కాని తొలుత ఆ రెండును ఒకే చోట, ఒకే త్రాటితో కలిసి బ్రతికిన కాల మొకటి కలదు, అది యజ్ఞవాటిక.

తెలుగునాట వైదికులలో పెక్కండ్రు ఆపస్తంబ సూత్రమువారు. సంకల్పములో ఆ మాట చెప్పుకొనువారే గాని, ఆ ఆపస్తంబుని పేర శుల్బసూత్ర మొకటి కలదనియు, శుల్బమనగా త్రాడనియు, అది వేదిని కొలిచి కట్టు రేఖాగణితమనియు తలచుకొనువారు తక్కువ. అగ్నిచయనమునకు నేల నిర్ణయించిన చోటు అగ్నిక్షేత్రము. దానియందు కట్టు చితి డేగ యాకారమున నుండవచ్చును, రథచక్రాకారమున నుండవచ్చును, త్రిభుజముగానైన నుండవచ్చును. ఆకారమేదైనను దాని వైశాల్యము ఏడున్నర చదరపు పురుషములుగా నుండవలెను. మఱల చేసినపుడు ఎనిమిదిన్నర, ఆ పై తొమ్మిదిన్నర. ఆకారము మాఱినను వైశాల్యము మాఱరాదను ఈ నియమమే చతురస్రమును వృత్తముగా, వృత్తమును చతురస్రముగా మార్చు ప్రశ్నను ఋత్విక్కుల తలకు చుట్టినది. ఇక ఆ పురుషమనగా నేమి? యజమానుడు చేతులు పైకెత్తి నిలిచినపుడు పాదములనుండి వ్రేళ్ళకొనదాక గల యెత్తు. శాస్త్రమున 120 అంగుళములు. అంత పొడవున వెదురు కోసి, దానికి రంధ్రములు పెట్టి, మేకులు దిగగొట్టి, ఆ కఱ్ఱను త్రిప్పుచు కొలిచెదరు. అనగా క్షేత్రమును కొలుచుటకు కొలబద్ద యజమానుని ఒడలే. పొట్టివాని యజ్ఞవాటిక చిన్నది, పొడుగరిది పెద్దది. ఎవని కది ఏడున్నర.

ఇటుపిమ్మట దారులు చీలినవి. వైదికుని త్రాడు క్రమముగా మూలబడినది. గణకుని చేతికి వచ్చిన క్షేత్రము మాత్రము బలసినది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు, 850 ప్రాంతమున రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు, 1150లో భాస్కరుడు, అందఱును క్షేత్రవ్యవహారమునకు ప్రత్యేక ప్రకరణములు వ్రాసిరి. వీరిలో మన కధికముగ కావలసినవాడు మహావీరుడు; ఏలయన అతని గణితసారసంగ్రహమునే పావులూరి మల్లన తెలుగున పద్యములుగా దించినాడు. మూలకర్త జైనుడు, మల్లన శైవుడు. జినుని తీసి శివుని నిలిపెను గాని, లెక్కలయందు మతము మాఱినంత మాత్రమున ఫలము మాఱలేదు. కరణముల బిడ్డలకు వీథిబడులలో చిరకాలము పావులూరి గణితమనగా గణితమే. మహావీరుని క్షేత్రములను చదువుచు పోయిన, గణితగ్రంథమో దేవాలయపు వస్తువుల జాబితాయో తెలియదు. శంఖమువంటి క్షేత్రము, మృదంగమువంటిది, పణవమువంటిది, వజ్రాయుధమువంటిది, బాలచంద్రునివంటిది, ఏనుగు దంతమువంటిది, చక్రపు కమ్మివంటిది, యవగింజవంటిది. ఊళ్ళలోని పొలములు ఇట్టి యాకారములలో నుండునా యని సందేహింపనక్కఱలేదు. చెఱువు క్రింది మళ్ళు బాలచంద్రునివలె వంగియుండును; వాగు ఒరసిన చెలక దంతమువలె సాగియుండును. మల్లన శ్రోతలకు అవి వింతలు కావు.

ఆ గ్రంథమునందు వ్యావహారిక ఫలమని, సూక్ష్మఫలమని రెండు విధముల వైశాల్యములు చెప్పబడినవి. వ్యావహారికము కరణమునకు, సూక్ష్మము కోవిదునకు. నాలుగు భుజముల చేనునకు వ్యావహారిక సూత్రము అందఱెఱిగినదే: ఎదురెదురు భుజములను కూడి సగము చేసి, ఆ రెండు సగములను హెచ్చించుము. ఇది మూలమట్టముగల దీర్ఘచతురస్రమునకు తప్పదు. తక్కిన ప్రతి చేనునకును ఉన్నదానికంటె ఎక్కువయే చూపును, తక్కువ ఎన్నడును చూపదు. శిస్తు వసూలు చేయువాని కింతకంటె కావలసినదేమి? కోళ్ళు వదులైన నులకమంచమును ఒకసారి తలచుకొనుడు. పట్టెలు నాలుగును నిన్నటివే, అంగుళము తఱుగలేదు; కాని మంచము వంకరపోయి, నిన్న ఇద్దఱు పండుకొన్నచోట నేడొకనికి కాలు చాపుటకు చోటు చాలదు. భుజములు తెలిసినంత మాత్రమున క్షేత్రము తెలియదని దీనివలన తేలుచున్నది. ఒక మూలనుండి ఎదుటి మూలకు పోవు కర్ణము కావలెను. లీలావతి యందు భాస్కరుడు ఈ విషయముననే ఓర్పు కోల్పోయి, కర్ణమునో లంబమునో చెప్పక చతుర్భుజపు ఫలమును అడుగువాడు పిశాచమనియు, అడిగినపుడు బదులు చెప్పువాడు అంతకు మించిన పిశాచమనియు తిట్టిపోసినాడు. గణితగ్రంథమున పిశాచము ప్రవేశించుట నేనెఱిగినంతలో అదొక్కటే చోటు.

ఈ తిట్టు నాకు చాలకాలము సాహిత్యముగానే తోచెను. నాచారమున నే నొక స్థలము కొనువరకు అట్లు తోచెను. దస్తావేజులో చతుస్సీమలు చక్కగ వ్రాసియున్నవి: ఉత్తరము 50 అడుగులు, తూర్పు 30, దక్షిణము 46, పడమర 34. వైశాల్యము 170 గజములకు పైచిలుకు. అమ్మినవాడు వ్యావహారిక సూత్రమున 48ని 32తో హెచ్చించి, 1536 చదరపుటడుగులని తేల్చి, తొమ్మిదింట భాగించినాడన్నమాట. సర్కారు కొలువునుండి విశ్రాంతి పుచ్చుకొనిన సర్వేయరు ఒకడు పాతస్నేహమున వచ్చి, టేపు చేతపట్టుకొని, కాగితము చూచి నవ్వి, “క్రాస్ పట్టకుంటె లెక్క ఎట్ల తేలుతది సార్?” అనెను. వాయవ్యపు రాయినుండి ఆగ్నేయపు రాయిదాక నేను కొస పట్టుకొని నడిచితిని. 52 అడుగులు. స్థలము రెండు త్రిభుజములుగా విడిపోయెను. ఒకటి 729న్నర, మఱియొకటి 769. మొత్తము 1498న్నర చదరపుటడుగులు. నాలుగు గజములకు పైగా నేల నా కన్నులయెదుటనే ఆవిరియైపోయెను. అమ్మినవాని నడుగగా, “మీ నాలుగు రాళ్ళు మీకున్నయి గదండీ” అనెను. నిజమే; నాలుగు రాళ్ళును అచ్చటనే యున్నవి. కరణమునకు కర్ణము అక్కఱలేకపోయిన, కొన్నవానికి మిగులునది రాళ్ళే. భాస్కరుని లెక్కన అతడు పిశాచము. బదులు నమ్మి కొన్న నేనెవరో ఆయన చెప్పలేదు.

ఆ సర్వేయరు సంచిలో మఱియొక వస్తువుండెను. తన తండ్రి నాటి యినుప గొలుసు, 33 అడుగులది, పదునాఱు అణాలుగా విభజింపబడినది. నైజామున నేల కొలిచినది దానితోనే. ఆ గొలుసు ఇరుప్రక్కలను పఱచిన చతురస్రము ఒక గుంట. అనగా 1089 చదరపుటడుగులు, 121 గజములు. నలుబది గుంటలు ఎకరము. అణాలెట్లు వచ్చెనని అడుగువారికి జవాబు తేలిక. రూపాయకు పదునాఱైనపుడు గుంటకును పదునాఱే. కాని ఆ 33 ఎచ్చటిది? 1620 ప్రాంతమున ఎడ్మండ్ గుంటర్ అను ఆంగ్లేయుడు 66 అడుగుల గొలుసును ప్రవేశపెట్టినాడు. ఇది అందులో సగము. ఆ గుంటర్ లండనులో జ్యోతిశ్శాస్త్రము బోధించిన ఆచార్యుడు, అదే సమయమున ఒక చర్చికి పురోహితుడు. ఆదివారము ప్రార్థన చేయించి, సోమవారము గొలుసు సాచినవాడు. గుంటర్ అను పేరునకును మన గుంటకును నుడి కలియుట కేవలము కాకతాళీయము. గుంట, మడి యను మాటలు మనకు అతనికంటె ముందే యున్నవి. అంతకు పూర్వము నేలను కొలిచినది గడతోను, విత్తనముతోను. దేవునికి వృత్తి విడిచిన శాసనములలో వెలిపొలమిన్ని మర్తురులు, నీరునేల ఇన్ని మర్తురులు అని చెక్కించుట కాకతీయులనాటి పరిపాటి. పుట్టెడు చేను, కుంచెడు మడి యని విత్తనముతో చెప్పుట పల్లెవారి పరిపాటి. విత్తనపు కొలతలో ఒక న్యాయమున్నది. చవుడునేలకు ఎక్కువ విత్తు పోయవలెను, బలిమినేలకు తక్కువ చాలును; అది నేల వెడల్పునే గాక, నేల గుణమును కూడ కొలుచుచున్నది.

కొలతగాడు గుడికెక్కిన కథ యొకటి చెప్పకుండ పోలేను. విలియం లాంబ్టన్ 1802లో చెన్నపట్టణమున ఆధారరేఖను కొలుచుట మొదలుపెట్టి, త్రిభుజము వెంట త్రిభుజముగా దక్షిణాపథమునంతయు వలపన్నుచు పోయినాడు. మైదానపు సీమలో ఎత్తు దొరకునది గోపురమే. 1808లో తంజావూరి బృహదీశ్వరాలయ విమానముపైకి అరటన్ను బరువుగల తన మహాయంత్రమును త్రాళ్ళతో ఎక్కింపబోగా, త్రాడు తెగి అది రాతిని గుద్దుకొని పాడైపోయినది. సొట్టలుపోయిన ఆ వలయమును అతడు వారములకొలది కూర్చుండి, సుత్తితో సరిచేసి, మఱల పనికి తెచ్చినాడు. పిదప హైదరాబాదు ఆయనకు స్థావరమైనది. జార్జి ఎవరెస్టు 1818లో వచ్చి ఆయనను కలిసికొనినది ఇచ్చటనే. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో త్రిభుజములు గట్టుచు జ్వరముపాలై, ప్రాణములు దక్కించుకొని పోయినవాడును ఈ ఎవరెస్టే. నేడు ఉప్పల్ శిక్షణాలయపు ప్రహరీలోపల శిష్యులు అభ్యసించునది ఆ వలలోని ముడులనే, పరికరములు మాత్రము ఉపగ్రహములతో మాటలాడును.

త్రిభుజమనగానే తెలుగువాని మనస్సున మెదలవలసినది మఱియొక త్రిభుజము కలదు. కాళేశ్వరము, శ్రీశైలము, దాక్షారామము అను మూడు లింగక్షేత్రముల నడిమి సీమ త్రిలింగమనియు, అదియే తెలుగు అయినదనియు చెప్పుదురు. ప్రతాపరుద్రుని యాస్థానమునందలి విద్యానాథుని ప్రతాపరుద్రీయములో ఈ భావము కనబడును. వ్యుత్పత్తి నిలుచునా నిలువదా యనునది భాషావేత్తల తగవు. నేను అందులోనికి దిగను. నాకు కుతూహలము కలిగించిన సంగతి వేఱు. మూడు పుణ్యక్షేత్రములను శీర్షములుగా చేసిన ఒక గణితక్షేత్రము మన దేశమునకు సరిహద్దుగా చెప్పబడినది. అటువంటపుడు ఆ లెక్క ఏల చేసి చూడరాదు? అట్లసు తెఱచి, అక్షాంశ రేఖాంశములు వ్రాసికొని చేసితిని. భుజములు సుమారు 320, 350, 320 కిలోమీటర్లు, ఇంచుమించు సమద్విబాహువు. వైశాల్యము 47 వేల చదరపు కిలోమీటర్లకు కొంచెమిటునటు; రెండు తెలుగు రాష్ట్రముల మొత్తములో ఆఱింట ఒక పాలు. నెల్లూరు వెలుపల, కడప వెలుపల, శ్రీకాకుళము వెలుపల. విద్యానాథుడు కూర్చుండి వ్రాసిన ఓరుగల్లు, కాళేశ్వర శ్రీశైలములను కలుపు గీత నానుకొని, అంచుమీద కూర్చున్నది. ఇక ఈ వ్యాసము వ్రాయుచున్న ఉప్పల్ ఆ గీతకు పడమర సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరమున, త్రిలింగమునకు బయటపడినది. గుట్టకు పోవు ఆ ముసలమ్మ తెలుగు కాదని ఎవరందురు?

దీనివలన నాకు తెలిసివచ్చిన దేమనగా, లెక్కలవాని క్షేత్రము అంచుతో బ్రతుకును; భక్తుని క్షేత్రము నడుమతో బ్రతుకును. నాలుగు భుజములు గీసి మూసినగాని గణకునకు క్షేత్రము పుట్టదు. భక్తునకు గర్భాలయమున్న చాలును. హద్దు పిదప వచ్చును, వచ్చినను అది ద్వారములరూపమున వచ్చును. శ్రీశైలమునకు తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమర అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము ద్వారములని ప్రసిద్ధి. ఆ నాలుగింటిని కలిపి చతుర్భుజము గీసి ఇంతవఱకు శ్రీశైలక్షేత్రమనువా డెవడును లేడు. వాకిలి లోనికి వచ్చుటకు. గట్టు వెలుపల నుంచుటకు. కాశివంటి చోట్ల పంచక్రోశమని దూరము చెప్పి, పాదములతో చుట్టుకొని వత్తురు. అది కొంత లెక్కల దారి. క్షేత్రపాలకుడను దేవత మాత్రము పొలపు కావలివాని నుండి నేరుగా వచ్చినవాడు. భైరవుడై అనేకాలయముల ముంగిట నిలిచెను, యాదగిరిగుట్టలో ఆ కొలువు ఆంజనేయునిది. మొవ్వ పదకర్త క్షేత్రయ్యకు ఆ పేరు క్షేత్రములు తిరుగుటచేత వచ్చినదందురు. తిరుగనిచ్చునదే గాని మూసివేయునది కాదు ఆ క్షేత్రము.

ఇటీవలి గణితము ఈ మాటను మఱియొక మలుపు త్రిప్పినది. 1871లో రిచర్డు డెడెకిండ్ అను జర్మను పండితుడు, కూడినను, తీసివేసినను, హెచ్చించినను, సున్న గాక వేఱొకదానితో భాగించినను తనలోనే యుండి బయటకు పోని సంఖ్యల కుటుంబ మొకదానిని గుర్తించి, దానికి ‘కోర్పర్’ అని పేరుపెట్టినాడు. ఆ జర్మను మాటకు శరీరమని యర్థము. ఫ్రెంచివారును శరీరమనియే యనిరి. 1893లో అమెరికా గణితవేత్త ఈ. హెచ్. మూర్ ఇంగ్లీషున దానిని ఫీల్డ్, అనగా పొలము, అనెను. 1968లో వెలసిన తెలుగు అకాడమివారి పుస్తకములలో అది, వలయము, సమూహము అనువాని సరసన, క్షేత్రమైనది. ఒక వస్తువును జర్మనుడు శరీరమనగా, అమెరికావాడు పొలమనగా, రెండర్థములును ఒక మాటలో ఏనాటినుండియో దాచియుంచుకొన్న భాష మనది. అమరము చెప్పినది కాక, భగవద్గీత పదుమూడవ అధ్యాయమంతయు దీనిమీదనే నడచును: ఈ శరీరమే క్షేత్రము, దీనిని తెలిసినవాడు క్షేత్రజ్ఞుడు. చేతులెత్తి నిలిచి తన యొడలితో అగ్నిక్షేత్రమును కొలిపించిన యజమానుని పురుషము అచ్చట తిరిగి వచ్చినది. అంతకుముందు ఒడలు కొలబద్ద, ఇప్పుడు ఒడలే నేల. ఆ జర్మను పండితుడు గీత చదివెననుట హాస్యాస్పదము. అట్టి సంబంధములు కల్పించువారి సభలకు నేను పోను. గట్టు దాటక తనలో తాను నిండియుండు దానిని చూచినపుడు మనుష్యునకు తన దేహమో, తన చేనో గుర్తునకు వచ్చుట సహజమని మాత్రము తోచుచున్నది.

భూభౌతిక సంస్థలోని క్షేత్రము మఱియొక తీరు. 1845లో మైకేల్ ఫారడే ఉపయోగించిన ఆ భావమునకు గట్టులే లేవు. సూదిమొన మోపు ప్రతి బిందువునందును ఒక దిక్కు, ఒక బలిమి యుండును. గణితజ్ఞులు దీనిని సదిశా క్షేత్రమందురు. అంచు లేక, అంతటను నిండి, దూరము పోయినకొలది పలుచబడు ఆ క్షేత్రము లెక్కలవానిదే యైనను, నడవడియందు భక్తుని క్షేత్రమునకు దగ్గఱ. అది తనను కొలుచు సూదిని కూడ ఎవరైన కదలింతురని బెదరును. నగరము పెరిగి, మెట్రో విద్యుత్తు తలమీద పరుగులుపెట్టు ఈ చుట్టుపట్ల కంటె, విజయవాడ త్రోవలో చౌటుప్పలున గల పరిశీలనశాల దానికి నెమ్మదియైన చోటు.

గతమాసమున ఒక ఉదయము భాగాయత్ వైపు నడువబోయితిని. మూసీకి దిగువగా, వాలు దిగినకొద్ది, వెడల్పాటి తారుబాటలు, వాని కిరుప్రక్కల తెల్లసున్నము పూసిన హద్దురాళ్ళు, రాళ్ళపై ఎఱ్ఱరంగు అంకెలు. ఒకప్పుడు ఆ తరిలో వరియు, పిదప మురుగునీటికి బలసిన పశుగ్రాసమును పండెడివి. గేదెలు గల నగరపు పాలవాండ్రు కొనిపోయెడివారు. నేడు అట్టి ఒక స్థలములో, రెండు రాళ్ళ నడుమ, కాపులేని గడ్డిని ముసలమ్మ యొకతె కొడవలితో కోయుచుండెను. ఇది ఎవరిదని అడిగితిని.

“గిప్పుడు ఎవరిదో ఏమో సారూ. గప్పుడైతె మాదే. గా కరెంటు స్తంభం కాడికెల్లి గీ ఒర్రె దాంక మా పెద్దమడి ఉండె.”

ఎంత నేల యని నేను మఱల అడిగితిని. గుంటలలో చెప్పునేమో, గజములలోనికి మార్చి చూతమని నా బుద్ధి అప్పటికే హెచ్చించుటకు సిద్ధముగా నుండెను. ఆమె కొడవలి నేలపై పెట్టి, నడుము నిటారు చేసి, రాళ్ళను గాక రాళ్ళవెనుక నున్న దేనినో చూచి, “రెండు కుంచాల ఇత్తనం పడుతుండె” అనెను.